గోదావరి ఒడ్డున రహదారి యాత్ర: పోలవరం పరిసరాల్లో ప్రయాణ ప్రణాళికకు నీటిమట్టమే ప్రాతిపదిక

పోలవరం: సొంత కారులోనో, నివాస సదుపాయం గల కారవాన్ వాహనంలోనో కుటుంబంతో కలసి ప్రకృతి దృశ్యాలను చూస్తూ రోజుల తరబడి ప్రయాణించే ఒరవడి రాష్ట్రంలో క్రమేణా పెరుగుతున్నది. రాజమహేంద్రవరం నుంచి పోలవరం, పాపికొండలు, మారేడుమిల్లి, చింతూరు, భద్రాచలం వరకు విస్తరించిన గోదావరి పరీవాహక ప్రాంతం ఇటువంటి యాత్రలకు ప్రసిద్ధి చెందినది. అయితే ఈ ప్రాంతంలోని రహదారులు మైదాన ప్రాంత రహదారుల వంటివి కావు. ఏ దారి తెరచి ఉంటుంది, ఏ దారి మూతపడుతుంది అనేది నది, దాని ఉపనదులు, కొండవాగులు నిర్ణయిస్తాయి. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంతో నది ప్రవాహమే కాక ఎగువ గ్రామాల ఉనికి, వాటిని కలిపే బాటలు కూడా మారిపోతున్నాయి. 2027 గోదావరి పుష్కరాలకు యాత్రికుల రాక పెరగనున్న నేపథ్యంలో, ఈ ప్రాంత రహదారి పర్యాటకాన్ని భద్రత, సమాచారం, స్థానికుల జీవనోపాధి అనే మూడు కోణాల నుంచి పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

రెండు ఒడ్లు, రెండు దారులు

యాత్రా ప్రణాళికలో మొదట గ్రహించవలసిన అంశం వంతెనలకు సంబంధించినది. రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెన, 2015లో అందుబాటులోకి వచ్చిన నాలుగో వంతెన వాహనాల రాకపోకలకు ఉపయోగపడుతున్నాయి. అక్కడి నుంచి ఎగువకు వెళితే భద్రాచలం వద్ద మాత్రమే గోదావరిని వాహనంలో దాటే వంతెన మళ్లీ కనిపిస్తుంది. ఈ రెండింటి నడుమ నది ఒక సరిహద్దులా నిలుస్తుంది. అందువల్ల ఏ ఒడ్డున ప్రయాణించాలన్న నిర్ణయం రాజమహేంద్రవరంలోనే జరగాలి. ఎగువకు వెళ్లిన తరువాత మనసు మార్చుకుంటే తిరిగి వెనుకకు రావడమే శరణ్యం.

పశ్చిమ తీరాన కొవ్వూరు నుంచి తాళ్లపూడి, తాడిపూడి, గూటాల, పట్టిసం మీదుగా పోలవరం చేరవచ్చును. రాజమహేంద్రవరం నుంచి దూరం సుమారు 35 కిలోమీటర్లు. ఏటిగట్టును ఆనుకుని సాగే ఈ దారి ఒకవైపు నదిని, మరోవైపు పొలాలను చూపిస్తుంది. పట్టిసం వద్ద నది నడుమ కొండపై వీరభద్రస్వామి ఆలయం కలదు. గోదావరి జలాలను పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణా నదికి తరలించే పట్టిసీమ ఎత్తిపోతల పథకం కూడా ఇక్కడే ఉన్నది. ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల ఈ ప్రయాణం వృద్ధులు, పిల్లలతో వెళ్లేవారికి అనుకూలమైనది. అయితే పోలవరం దాటిన తరువాత పశ్చిమ తీరం వెంబడి పాపికొండల వరకు కారు ప్రయాణం సాగుతుందన్న అభిప్రాయం సరైనది కాదు. పోలవరం ఎగువన గల కొత్తూరు కాజ్‌వే వరద సమయంలో మునిగిపోయి గిరిజన గ్రామాలకు రాకపోకలు నిలిచిపోవడం ఏళ్ల తరబడి జరిగిన విషయమే. ఆ గ్రామాలలో అనేకం ప్రస్తుతం ముంపు ప్రాంతంలో భాగం. ప్రాజెక్టు నిర్మాణ ప్రాంతంలోకి కూడా ముందస్తు అనుమతి లేనిదే ప్రవేశం ఉండదు.

తూర్పు తీరాన సీతానగరం, పురుషోత్తపట్నం మీదుగా గండిపోచమ్మ ఆలయం వైపు ఒక దారి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వైపు మరొక దారి వెళతాయి. పాపికొండల నడుమ నది ఇరుకైన కనుమ గుండా ప్రవహిస్తుంది. ఆ దృశ్యం రోడ్డు మీద నుంచి కనిపించదు. దానిని చూడాలంటే గండిపోచమ్మ వైపు నుంచి గాని, వరరామచంద్రపురం మండలంలోని పోచవరం నుంచి గాని పడవ ఎక్కవలసినదే. కాబట్టి పాపికొండల యాత్రను రహదారి యాత్రలో ఒక పడవ ప్రయాణంగా లెక్కించి, పడవలు నడిచే రోజులను బట్టి మిగతా కార్యక్రమాన్ని అమర్చుకోవడం సమంజసం.

నాలుగు వందల కిలోమీటర్ల వలయం

సమయం ఉన్నవారికి ఈ ప్రాంతంలో అనువైనది వలయాకార యాత్ర. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం చేరడానికి దాదాపు 200 కిలోమీటర్లు. భద్రాచలం వద్ద గోదావరి దాటి సారపాక, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మీదుగా పోలవరం వచ్చి, అక్కడి నుంచి కొవ్వూరు చేరితే మరో 200 కిలోమీటర్లు. మొత్తం దూరం 400 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. జాతీయ రహదారిపై ఈ దూరం ఒక పూట ప్రయాణమే కావచ్చును. ఇక్కడ కనీసం రెండు రాత్రుల బసతో మూడు రోజులు కేటాయించుకోవాలి. మారేడుమిల్లిలో ఒక రాత్రి, భద్రాచలంలో ఒక రాత్రి గడిపితే ఘాట్ రోడ్డును పూర్తిగా పగటి వెలుగులో దాటే వీలు కలుగుతుంది.

రంపచోడవరం సమీపంలోని భూపతిపాలెం జలాశయం, రంప జలపాతం, మారేడుమిల్లి వద్ద జలతరంగిణి, అమృతధార జలపాతాలు, కాఫీ తోటలు, గుడిస కొండలపై పచ్చిక మైదానాలు ఈ మార్గంలో ముఖ్యమైన విశేషాలు. చింతూరు నుంచి శబరి నది వెంబడి కూనవరం వెళితే శబరి, గోదావరి సంగమాన్ని దర్శించవచ్చును. రంపచోడవరం నుంచి కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వరకు సాగే 516ఈ జాతీయ రహదారి, యాత్రను ఉత్తరాంధ్ర మన్యం వరకు పొడిగించుకోవాలనుకునే వారికి మరో అవకాశం.

మొదటి హెచ్చరిక లేదన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదు

గోదావరి వరద సమాచారం ప్రజలకు చేరేది ప్రధానంగా హెచ్చరికల రూపంలో. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరికలను జారీ చేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ఇవి వరుసగా 11.75, 13.75, 17.75 అడుగులు. ధవళేశ్వరం వద్ద మొదటి హెచ్చరిక సమయంలో నదిలో సుమారు 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉంటుంది. భద్రాచలం వద్ద పెరిగిన నీరు దిగువకు చేరడానికి సుమారు ఒక రోజు వ్యవధి పడుతుంది. ఈ వ్యవధి డెల్టా ప్రజలను అప్రమత్తం చేయడానికి అధికారులకు ఎంతగానో ఉపకరిస్తున్నది.

అయితే ఈ హెచ్చరికలు లంక గ్రామాలు, ఏటిగట్లు, పల్లపు ప్రాంతాల రక్షణకు ఉద్దేశించినవని యాత్రికులు గుర్తించాలి. విహార యాత్రకు నది అనుకూలంగా ఉన్నదా లేదా అని అవి చెప్పవు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పాపికొండల విహారానికి వెళుతున్న రాయల్ వశిష్ఠ పడవ మునిగిపోయింది. అందులో ప్రయాణించిన 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడగా, 51 మంది మరణించారు. ఆ రోజు నదిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు, అనగా మొదటి హెచ్చరిక స్థాయిలో సగం మాత్రమే. డెల్టాకు ప్రమాదం లేని ప్రవాహం ఇరుకైన కనుమలో, సుడిగుండాల నడుమ, ఒక పడవకు ప్రాణాంతకం కాగలదని ఈ దుర్ఘటన చాటింది. ఆ తరువాత నిలిపివేసిన విహార యాత్రలను 2021లో తిరిగి ప్రారంభించారు. లైఫ్ జాకెట్ ధరించడం, పరిమితికి మించి ఎక్కకపోవడం, యాత్రను రద్దు చేశామని సిబ్బంది చెప్పినపుడు ఒత్తిడి చేయకపోవడం యాత్రికుల బాధ్యత.

రహదారుల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. గోదావరి శాంతంగా ఉన్నపుడు కూడా కొండలపై కురిసిన ఒక్క రాత్రి వానకు వాగులు పొంగి దారి మూసుకుపోతుంది. చింతూరు, వరరామచంద్రపురం మండలాల మధ్య సోకిలేరు, చంద్రవంక వాగులు, ఒడిశా వైపు వెళ్లే దారిలో కుయిగూరు వాగు, పశ్చిమాన వేలేరుపాడు మండలంలో ఎద్దువాగు తరచుగా రాకపోకలను స్తంభింపజేస్తుంటాయి. ఇందుకు భిన్నంగా, స్థానికంగా ఒక్క చినుకు పడకపోయినా, గోదావరి ఉద్ధృతికి శబరి నీరు వెనుకకు తన్ని చింతూరు, కూనవరం పరిసరాల్లో రోడ్లు మునిగిన సందర్భాలు అనేకం. 2022 జులై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినపుడు అక్కడి వంతెనపై కూడా రాకపోకలను నిలిపివేయవలసి వచ్చింది. వలయాకార యాత్రలో ఈ వంతెన మూతపడితే యాత్రికుడు వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి. వాగులు కూడా పొంగితే ఆ దారి సైతం ఉండదు.

కనుక వర్షాకాలంలో బయలుదేరే ముందు మూడు విషయాలను విడివిడిగా తెలుసుకోవాలి. ఒకటి, భద్రాచలం, ధవళేశ్వరం వద్ద గోదావరి మట్టం, అది పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్న ధోరణి. రెండు, చింతూరు వద్ద శబరి మట్టం. మూడు, మన్యంలో గడచిన రాత్రి కురిసిన వర్షం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ప్రతికూలంగా ఉన్నా యాత్రను వాయిదా వేసుకోవడమే ఉత్తమం. జులై నుంచి సెప్టెంబరు వరకు మన్యం అత్యంత సుందరంగా ఉంటుంది. దారులు అత్యంత అనిశ్చితంగా ఉండేది కూడా ఆ నెలల్లోనే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నది, వాగులు నిలకడగా ఉండి ప్రయాణానికి అనువుగా ఉంటాయి. ఆ రోజుల్లో పొగమంచు పట్ల జాగ్రత్త వహించాలి.

ఘాట్ రోడ్డులో పగటి ప్రయాణమే శ్రేయస్కరం

మారేడుమిల్లి, చింతూరుల మధ్య ఘాట్ రోడ్డు దట్టమైన అడవి గుండా మలుపులు తిరుగుతూ సాగుతుంది. 2019 అక్టోబరు 15న కర్ణాటక యాత్రికుల వాహనం వాల్మీకి కొండ వద్ద లోయలో పడి పలువురు మృత్యువాత పడ్డారు. 2025 డిసెంబరు 12 తెల్లవారుజామున, భద్రాచలం దర్శనం ముగించుకుని అన్నవరం వైపు వస్తున్న చిత్తూరు జిల్లా యాత్రికుల ప్రైవేటు బస్సు ఇదే ఘాట్ రోడ్డులో ప్రమాదానికి గురై తొమ్మిది మంది మరణించారు. ఈ రెండు వాహనాలూ దూర ప్రాంతాల నుంచి వచ్చినవే. రాత్రివేళ ప్రయాణించి, తెల్లవారే సరికి తదుపరి క్షేత్రం చేరాలన్న కార్యక్రమం మైదానంలో సాధ్యపడవచ్చును. దారి పరిచయం లేని డ్రైవరుకు, నిద్రలేమికి తోడు మంచు కమ్మిన మలుపుల్లో అదే కార్యక్రమం ప్రమాద హేతువు. యాత్రను రూపొందించేటపుడు మారేడుమిల్లి, చింతూరుల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో గాక పగటి గంటలలో లెక్కించడం అవసరం.

జలపాతాల వద్ద జాగ్రత్త కూడా ప్రణాళికలో భాగమే. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి సమీపంలోని జలతరంగిణి వద్ద వాగు ఒక్కసారిగా పొంగడంతో ఏలూరు నుంచి విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు ముగ్గురు కొట్టుకుపోయి మరణించారు. పైన కొండల్లో కురిసే వాన దిగువన ఆకాశం తెరిపిగా ఉన్నవారికి కనిపించదు. అడవిలో అనేక చోట్ల మొబైల్ సంకేతాలు అందవు. అందువల్ల వెళ్లే దారి, తిరిగి వచ్చే సమయం ఇంటివారికి ముందుగా తెలియజేయాలి. రంపచోడవరం దాటక ముందే ఇంధనం నింపుకోవాలి. దారి వివరాలను ఫోనులోనే గాక కాగితం మీద కూడా రాసి ఉంచుకోవాలి.

కారవాన్ పర్యాటకం: అవకాశాలు, పరిమితులు

నివాస సదుపాయం గల వాహనాలలో పర్యాటకాన్ని ప్రోత్సహించడానికి కేరళ 2021లో కేరవాన్ కేరళ పేరిట కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించిన నూతన పర్యాటక విధానంలో పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా కల్పించింది. 2025లో కారవాన్ పర్యాటకంపైన కూడా దృష్టి సారించింది. హోటళ్లు తక్కువగా ఉన్న ప్రాంతాలకు కారవాన్ అనువైనదన్న వాదనలో వాస్తవం ఉన్నది. గోదావరి మన్యం వంటి ప్రాంతంలో శాశ్వత కట్టడాలు లేకుండా బస కల్పించగలగడం అడవికి మేలు చేసే అంశం కూడా.

అయితే కారవాన్ ఆగే చోటు లేనిదే కారవాన్ పర్యాటకం లేదు. విద్యుత్తు, మంచినీరు, మరుగు నీటిని సురక్షితంగా వదిలే ఏర్పాటు, రాత్రి కాపలా ఉన్న పార్కు ఉండాలి. లేని పక్షంలో వాహనంలోని వ్యర్థాలు చేరేది వాగుల్లోకి, ఆ నీటినే తాగే గిరిజన గూడేలకు. 1,012.86 చదరపు కిలోమీటర్ల పాపికొండల అభయారణ్యాన్ని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అందులో ఇష్టం వచ్చిన చోట వాహనం నిలిపి రాత్రి గడపడానికి, మంటలు వేయడానికి వీలు లేదు. పొడవైన, బరువైన వాహనం ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎదుటి వాహనాలకూ ఇబ్బందికరమే. ప్రస్తుత పరిస్థితుల్లో కారవాన్‌ను రాజమహేంద్రవరం, పోలవరం, పట్టిసం వంటి మైదాన మార్గాలకు పరిమితం చేసి, మన్యం ప్రయాణానికి చిన్న కారును ఎంచుకోవడం వివేకవంతమైన నిర్ణయం. ఏటిగట్లపై గాని, ఇసుక తిన్నెలపై గాని రాత్రి వాహనం నిలపడం ఏ కాలంలోనూ మంచిది కాదు.

మారిన సరిహద్దులు

ఈ వలయంలో యాత్రికుడు రెండు రాష్ట్రాలలో ప్రయాణిస్తాడు. 2014లో ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో విలీనం కాగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో కొనసాగుతున్నది. పట్టణ పొలిమేర దాటితే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. అద్దె వాహనాలలో వెళ్లేవారు పర్మిట్లు, పన్ను పత్రాలు రెండు రాష్ట్రాలకూ సరిపోయేలా చూసుకోవాలి. పేర్ల విషయంలో కూడా స్పష్టత అవసరం. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజనలో పోలవరం ఏలూరు జిల్లాలోను, రంపచోడవరం, చింతూరు ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరాయి. 2025 డిసెంబరు చివర రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పడింది. పోలవరం పట్టణం మాత్రం ఆ జిల్లాలో లేదు. ఆపదలో ఉన్నవారు పోలవరం అని చెప్పినపుడు పట్టణమా, జిల్లానా అనేది స్పష్టం కాకపోతే సహాయక బృందం నదికి ఆవలి ఒడ్డున వెతికే ప్రమాదం ఉన్నది. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోన్ చేసేటపుడు మండలం, గ్రామం, సమీపంలోని కిలోమీటరు రాయి చెప్పడం అలవరచుకోవాలి.

దృశ్యం వెనుక జనజీవనం

పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, నిల్వ సామర్థ్యం 194.6 టి.ఎం.సి.లు. తొలి దశలో 41.15 మీటర్ల మట్టానికి 115.44 టి.ఎం.సి.ల నిల్వను ప్రతిపాదించారు. 48 గేట్లు గల స్పిల్‌వే మీదుగా 2021 జూన్ నుంచి నదిని మళ్లించారు. ఎగువ కాఫర్ డ్యాం నిర్మాణం తరువాత వరద రోజుల్లో నీరు వెనుకకు నిలచి దేవీపట్నం మండలంలోని గ్రామాలు, గండిపోచమ్మ ఆలయ పరిసరాలు ముంపునకు గురవుతున్నాయి. దెబ్బతిన్న డయాఫ్రం వాల్ స్థానంలో కొత్త గోడ నిర్మాణం 2025 జనవరిలో మొదలైంది. జలాశయం నిండే కొద్దీ ఈ ప్రాంత పటం మరింత మారుతుంది. ఈనాటి మార్గదర్శినులు, ఫోనులో కనిపించే పటాలు ఈ మార్పులను ఎప్పటికప్పుడు చూపకపోవచ్చును.

ప్రాజెక్టు వల్ల నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. వీరిలో కోయ, కొండరెడ్డి గిరిజనుల సంఖ్య గణనీయమైనది. యాత్రికుడు విశాలమైన జలరాశిగా చూసి మురిసే చోట కొన్నేళ్ల క్రితం వరకు ఇళ్లు, పొలాలు, బడులు, గ్రామదేవతల గుళ్లు ఉండేవి. నది ఒడ్డున చేపలు, వెదురు, అటవీ ఫలసాయంపై ఆధారపడిన వారికి పునరావాస కాలనీలో ఇల్లు లభించినా పాత ఉపాధి లభించదు. పర్యాటకం ఆ లోటును కొంతవరకైనా పూరించగలదా అన్నదే ప్రధాన ప్రశ్న. మారేడుమిల్లి మండలం వలమూరు వద్ద వన సంరక్షణ సమితి భాగస్వామ్యంతో నడచిన పర్యావరణ పర్యాటక శిబిరం ఇందుకు ఒక నమూనా. వంటవారు, మార్గదర్శకులు, శిబిర నిర్వాహకులు స్థానికులే అయినపుడు ఆదాయం గూడెంలోనే మిగులుతుంది. వాగు ఎప్పుడు పొంగుతుందో తెలిసినవారు యాత్రికుని పక్కనే ఉంటారు. భద్రత, జీవనోపాధి ఇక్కడ ఒకదానికొకటి తోడవుతాయి.

ఏకీకృత సమాచారమే పరిష్కారం

నదీ మట్టాలను జలవనరుల శాఖ, వర్ష సూచనలను వాతావరణ, విపత్తు నిర్వహణ విభాగాలు, రహదారుల స్థితిని రోడ్లు భవనాల శాఖ, పడవల అనుమతులను పర్యాటక, జలవనరుల అధికారులు, అడవిలో ప్రవేశాన్ని అటవీ శాఖ పర్యవేక్షిస్తున్నాయి. బయలుదేరబోయే కుటుంబం ఇన్ని చోట్ల విచారించగలదని ఆశించడం కష్టం. ఏ దారి తెరచి ఉన్నది, ఏ వాగు పొంగుతున్నది, పడవలు నడుస్తున్నాయా అన్న మూడు ప్రశ్నలకు ప్రతి ఉదయం ఒకే చోట, తెలుగులో, సమాధానం లభించేటట్లు చూడడం ఈ ప్రాంత పర్యాటకానికి అత్యంత అవసరమైన సదుపాయం. గోకవరం, రాజమహేంద్రవరం, భద్రాచలం, జంగారెడ్డిగూడెం వద్ద, అనగా యాత్రికుడు ఇంకా వెనుదిరగగల చోట, అదే సమాచారాన్ని బోర్డులపై ప్రదర్శించవచ్చును. వాగు ఒడ్డున పెట్టిన హెచ్చరిక బోర్డు కంటే యాభై కిలోమీటర్ల ముందు చెప్పిన మాట ఎక్కువ ప్రాణాలను కాపాడుతుంది.

పుష్కరాలకు వచ్చే యాత్రికులలో అనేకులు రాజమహేంద్రవరంలో స్నానం ముగించుకుని భద్రాచలం, పాపికొండలు, పోలవరం చూడాలని కోరుకోవడం సహజం. 2027 పుష్కరాలు వర్షాకాలంలో రానున్నందున, ఘాట్ల ఏర్పాట్లతో సమానంగా ఈ దారుల ఏర్పాట్లపైనా ఇప్పటి నుంచే దృష్టి పెట్టవలసి ఉన్నది. పత్రికలు, ప్రసార మాధ్యమాలు జలపాతాల ఛాయాచిత్రాలతో పాటు ఆ రోజు నీటిమట్టాన్ని, దారి స్థితిని కూడా ప్రచురించగలిగితే ప్రజలకు ఎంతో మేలు కలుగుతుంది. గోదావరి తీర యాత్రకు సిద్ధపడే ప్రతి కుటుంబం ముందుగా నీటిమట్టాన్ని, తరువాత దారిని, ఆ పిమ్మట తేదీని నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.